ఏ కుండలోని మెతుకు?

బస్సు నర్సాపూర్ అడవి మలుపుల్లోకి తిరగ్గానే చిన్ని ఒళ్ళోని డబ్బా గలగలమంది. అది మాత్రల డబ్బా. వారానికి ఏడు గదులుండే రకం. టాంపాలో వాళ్ళ నాన్న బీపీ బిళ్ళలకని కొనుక్కుంటే మా మేనకోడలు లాగేసుకుంది. ఇప్పుడు ఆదివారం నుంచి శనివారం దాకా ఏ మూత తీసినా పళ్ళే. నల్లవి, బూడిదరంగువి, బెల్లప్పాకం రంగువి.

పక్క సీట్లో తలపాగా పెద్దాయన చాలాసేపటి నుంచి ఓరగా చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది బిడ్డా అవి?"

"పండ్లు తాతా," అంది చిన్ని. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడి మాట్లాడి ఆ పిల్లకు మా మెదక్ మాట బాగానే పట్టుబడింది.

"ఎండిన పండ్లా? కిస్మిస్ లెక్కనే ఉన్నయి," అంటూ ఆయన చెయ్యి చాచాడు.

మా దగ్గర నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే. ఆయన ఒకటి నోట్లో వేసుకునేలోపే అడ్డం పడి, అవి సొరచేప పండ్లని చెప్పాను.

"సచ్చినదాని నోట్లకెళ్ళి పీకిన్రా?"

"లేదు పెద్దయ్యా, బతికుండంగనే రాలినయి. కొన్ని రాలి కోటి ఏండ్లయినయి."

ఆయన డబ్బా వంక చూశాడు, చిన్ని వంక చూశాడు, ఆఖరికి నా వంక చూసి, "మరి గిప్పుడేం జేస్కుంటరు?" అన్నాడు.

కౌడిపల్లిలో ఆయన దిగిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం టికెట్ లేకుండా మాతో మెదక్ దాకా వచ్చింది.

చిన్నికి పదకొండేళ్ళు. క్రిస్మస్ సెలవులకు ఇండియా వచ్చింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో వాళ్ళుండే టాంపాకు దక్షిణాన, కారులో గంటన్నర దూరంలో, వెనిస్ అనే సముద్రపుటూరు ఉంది. ప్రపంచానికే సొరపళ్ళ రాజధానినని ఆ ఊరు తనకు తానే బిరుదు తగిలించుకుంది. అక్కడ జనం పొడుగు కర్రకు జల్లెడబుట్ట బిగించి అలల అంచున ఇసుక తోడుతుంటారు. మంచు చాలా అరుదైన ఆ రాష్ట్రంలో ఆ కర్రను ఎగతాళిగా 'ఫ్లోరిడా మంచుపార' అంటారట. ఇంకొంచెం లోపలికి వెళ్తే పీస్ రివర్ అనే నది. చలికాలంలో నీళ్ళు తగ్గాక మోకాల్లోతులో దిగి, పారతో గులకరాళ్ళు ఎత్తి, జల్లెడలో కడిగితే పళ్ళు దొరుకుతాయి. ఫ్లోరిడాలో ప్రభుత్వ భూముల్లో వెన్నెముక జీవుల శిలాజాలు ఏరాలంటే పర్మిట్ కావాలి. సొరపళ్ళకు మాత్రం ఆ నిబంధన లేదు. అంత విరివిగా దొరుకుతాయి మరి.

ఎందుకంత విరివిగా అంటే, సొరచేపకు మనలా రెండు విడతల దంతాలు కావు. దవడ లోపలి వైపు వరస వెనక వరసగా కొత్త పళ్ళు పడుకుని ఉంటాయి. ముందుది రాలగానే వెనకది లేచి ఆ చోటికి వస్తుంది. కొన్ని జాతుల్లో ఒక్క చేపే బతికినన్నాళ్ళూ వేల పళ్ళు రాలుస్తుంది. ఒళ్ళంతా మృదులాస్థి కాబట్టి చచ్చాక చేప కరిగిపోతుంది. మన చెవి డొప్పలో ఉండే మెత్తని ఎముకే దాని అస్థిపంజరం. సముద్రం అడుగున బురదలో మిగిలేవి పళ్ళే. ఆ బురదలోని ఖనిజాలు పంటిలోకి ఇంకి, ఆ నేల రంగే పంటికి పడుతుంది. నల్లదనం వయసును చెప్పదు, అది పడుకున్న చోటును చెబుతుంది.

బస్సులోనే చిన్ని ఒక పన్ను తీసి నా అరచేతిలో పెట్టింది. బొటనవేలి గోరంత ఉంది. కింద మసిబారిన గరుకు వేరు, రెండు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు. దాని మీద నున్నటి కిరీటం, నూనె రాసిన నల్లరాతి సన్నికల్లులా మెరుస్తోంది. కొస నిటారుగా లేదు, ఒక పక్కకు ఒరిగి కోడిపుంజు తురాయిలా వంగింది. వంపు కింద ఒక గంటు. గోరు పెట్టి అంచు వెంట లాగితే కొడవలి పళ్ళ మీద లాగినట్టు గరగరమంది. గంటు దగ్గర ఆ రంపపు పళ్ళు పెద్దవి, కొసకు పోను పోను సన్నవి.

"టైగర్ షార్క్," అంది చిన్ని. "ఈ గంటు చూస్తే చాలు మామయ్యా, వేరే ఏదీ చూడక్కర్లేదు."

ఒక్క పన్ను చూసి మొత్తం చేపను పట్టేస్తోంది. మెదక్ పొలిమేర కనిపిస్తుండగా ఆ మాట వినడం నాకు గమ్మత్తుగా అనిపించింది.

ఎందుకంటే మా ఊరి పేరే మెతుకు. పాత పేరు మెతుకుదుర్గం, చుట్టూ ఉన్నది మెతుకుసీమ. నడుమ కొంతకాలం గుల్షనాబాద్ అన్నారు కానీ జనం నోట ఆ పూలతోట నిలవలేదు, అన్నం మెతుకే నిలిచింది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా దేవనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అన్నది ప్రతి ఇంటా ఉన్న మాటే. సొరపన్ను సరిగ్గా అలాంటి మెతుకు.

కానీ చిన్ని డబ్బాకూ ఆ మాటకూ మధ్య ఏదో తేడా ఉన్నట్టు తోచింది. అదేమిటో తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇంటికి చేరామో లేదో పిల్ల మొదట అడిగింది ఇదే: "మామయ్యా, ఇక్కడ కూడా దొరుకుతాయా?"

మా అమ్మ వరండాలో షాబాద్ బండల మీద చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నేను ఆ బండనే చూపించాను. "నువ్వు కూర్చున్నది సముద్రం అడుగు."

చిన్ని చటుక్కున లేచింది. షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్ళు. ఒకనాటి సముద్రం కింద సన్నటి బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డవి. తెలంగాణలో ఎన్ని వరండాల్లో, ఎన్ని బడి గదుల్లో ఆ సముద్రం మీద పిల్లలు చాపలు పరుచుకుని కూర్చున్నారో. చిన్ని బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి, బండ బండా గాలించింది. అరగంట గాలించినా ఏమీ దొరకలేదు, మోచేతులు మాత్రం బూడిదరంగు తేలాయి. ఆ సముద్రంలో పళ్ళు ఉండవు. ఆ బండలు పేరుకునే నాటికి సొర మాట అటుంచి, అసలు చేపలే పుట్టలేదు.

"మరి ఇంట్ల ఒక్క సముద్రపు జీవి లేదా?" అని నిట్టూర్చింది.

"ఉన్నది," అంది అమ్మ, చాట పక్కన పెట్టి. "దేవునర్రలకు రా."

పూజగదిలో వెండి గిన్నెలో తులసిదళం కింద సాలగ్రామం ఉంది. మా ముత్తాత కాలం నుంచి వస్తున్నది. నల్లటి గుండ్రాయి, ఒక పక్క చిన్న బెజ్జం, లోపల చక్రం గీతలు. అమ్మకు అది విష్ణుమూర్తి. శాస్త్రానికి అది అమ్మోనైట్ అనే సముద్రపు జీవి ముద్ర. జురాసిక్ కాలంలో సముద్రంలో ఈదినది. ఆ సముద్రపు నేల ముడుచుకుని హిమాలయంగా లేచాక, నేపాల్‌లో కాళీగండకి నది ఆ కొండలను కోసుకుంటూ ఈ రాళ్ళను బయటికి తెస్తోంది. శిలాజాలు ఏరుకుని ఇంట్లో దాచుకునే అలవాటు మనకు ఫ్లోరిడా నుంచి రాలేదు. వేరే పేరుతో, వేరే భక్తితో, మన దేవుడి అరల్లో ఎన్నో తరాలుగా ఉంది.

చిన్ని ఆ చక్రం మీద వేలు ఆనించబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "స్నానం చేసి ముట్టుకోవాలె." తరవాత తనే అంది: "ఇది గండకి నుంచొచ్చింది బిడ్డా. గండకిల పుట్టకపోతే అది సాలగ్రామమే కాదు, ఉత్త రాయి."

అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు.

మరునాడు పొద్దున్నే కోట ఎక్కాం. మెదక్ కోట కాకతీయుల నాటిదంటారు. తరవాత కుతుబ్ షాహీలు దాన్ని తమదిగా చేసుకున్నారు. పైన 17వ శతాబ్దపు మసీదు, ఒక పొడుగాటి ఫిరంగి, ధాన్యం దాచిన కొట్లు ఉన్నాయి. ఊరివాళ్ళకు తెలిసిన ద్వారాలు మూడు: ప్రథమ, సింహ, గజ. కానీ కోటలో అన్నిటికన్నా పాతది, ఎవరూ కట్టనిది, ఆ కొండే. గోడలు ఎక్కడ మొదలై బండ ఎక్కడ ముగుస్తుందో చాలాచోట్ల తెలియదు. బండనే గోడకు పునాది చేసుకుని, బండ నుంచే కొట్టిన రాళ్ళను దాని మీద పేర్చారు.

చిన్ని బండకు ముక్కు ఆనించి చూసింది. ఎర్రటి ఫెల్డ్‌స్పార్ పలుకులు, గాజులాంటి క్వార్ట్జ్, నడుమ నల్లటి అభ్రకం తళుకులు. కొన్నిచోట్ల ఆ నలుపు తెలుపులు చారలుగా వంకర్లు తిరిగి ఉన్నాయి. ఎంతో లోతున వేడికీ ఒత్తిడికీ మెత్తబడి మడతలు పడ్డ ఆనవాలు అవి. ఉల్లిపొరల్లా పైపొర ఊడివచ్చిన గుండ్రాళ్ళు ఎక్కడపడితే అక్కడ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి.

"ఇందులో పన్ను దొరకదు," అన్నాను. "ఇది కరిగి గట్టిపడ్డ రాయి. అంత వేడిలో ఏ పన్నూ మిగలదు."

"దాని కన్నా ముందు ఉన్నది?"

"దాని కన్నా ముందు పన్నే లేదు."

మా ప్రాంతపు ఈ రాయికి సుమారు 250 కోట్ల ఏళ్ళు. సొరచేపల అతి పాత పళ్ళకు సుమారు 40 కోట్ల ఏళ్ళు. అంకెలు చెబితే పిల్ల తలాడించింది కానీ, అది అర్థమయ్యి ఆడించిన ఆట కాదు. మెట్ల మీద కూర్చుని వేరే లెక్క చెప్పాను.

"ఈ బండ నూరేళ్ళ ముసలమ్మ అనుకో. సొరచేప పుట్టేనాటికి ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. అప్పటిదాకా ఆమె ఒక్క పన్నూ చూడలేదు. నీ డబ్బాలో ఉన్న కోటి ఏళ్ళ పన్ను రాలి ఐదు నెలలు కాలేదు. మనుషులొచ్చింది ఐదు రోజుల లోపు."

"కోట?"

కోట ఎనిమిది వందల ఏళ్ళ కిందటిదనుకుని ఫోన్లో లెక్క కట్టింది. దాదాపు పదిహేడు నిమిషాలు వచ్చింది. ఫిరంగి వైపు చూసి, "అరే, ఇప్పుడే పెట్టిన్రు," అంది.

కోట మీది నుంచి చూస్తే ఊరి అవతల పచ్చటి నార్ల నడుమ చర్చి శిఖరం కనిపిస్తుంది. మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాం. క్రిస్మస్ అయిన మర్నాడు. మెదక్ దారులన్నీ చర్చి వైపే వంగినట్టున్నాయి. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆవరణలో చెట్ల కింద పొయ్యిలు పెట్టుకున్నారు, కొత్త బట్టల పిల్లలు బెలూన్లతో పరుగెడుతున్నారు, మొక్కుబడికి వచ్చినవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళూ చాలామందే ఉన్నారు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో ఈ గుడి పని మొదలుపెట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. శిఖరం 175 అడుగులు. లోపల పొడుగు 200 అడుగులు, వెడల్పు 100. కరువు రోజుల్లో దిక్కులేని జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించాడు. మెతుకు పెట్టిన గుడి కాబట్టే ఊరికి ఆ పేరొచ్చిందని కొందరు చెబుతుంటారు. అది సరికాదు, మెతుకుదుర్గం చర్చి కన్నా ఎంతో పాత మాట. కానీ ఆ పొరపాటులోనూ ఒక న్యాయం ఉంది. పేరుకు తగ్గ పని ఊళ్ళో జరిగింది కాబట్టి జనం రెంటినీ ముడేశారు.

లోపలి మూడు రంగుటద్దాల కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించాడు. ఎండ ఉన్నంతసేపే అవి బొమ్మలు. పొద్దు గుంకితే నల్లటి గాజు పలకలు. మేం వెళ్ళినప్పుడు మంచి ఎండ. జనం తోపులాటలో చిన్నిని భుజాల పక్కన ఇరికించుకుని నిలబడి, బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఆ పిల్లకు ఒక బిషప్పు కథ చెప్పాను.

యూరప్‌లో వెనకటికి సొర పళ్ళను 'నాలుక రాళ్ళు' అనేవారు. రోమన్ కాలపు ప్లినీ అవి చంద్రగ్రహణం వేళ ఆకాశం నుంచి రాలతాయన్న జనం మాటను రాసిపెట్టాడు. మాల్టా దీవిలో పాములను సెయింట్ పాల్ శపిస్తే రాళ్ళయిన వాటి నాలుకలన్నారు. విషానికి విరుగుడని మెడలో కట్టుకున్నారు. 1666లో ఇటలీలో లివోర్నో దగ్గర జాలర్లు ఒక పెద్ద సొరను పట్టారు. దాని తలను ఫ్లోరెన్స్‌లో ఉన్న నికొలాస్ స్టెనో అనే డెన్మార్క్ వైద్యుడి దగ్గరకు పంపారు. ఆయన దవడ కోసి చూసి, ఈ నాలుక రాళ్ళు అచ్చం ఈ పళ్ళే కదా అన్నాడు. ఆయన కన్నా యాభై ఏళ్ళ ముందే ఫాబియో కొలొన్నా ఆ మాట అన్నాడు. స్టెనో అక్కడితో ఆగలేదు. ఒక గట్టి వస్తువు మరో గట్టి రాయి కడుపులోకి ఎలా వెళ్ళిందని అడిగాడు. రాయి ఒకప్పుడు మెత్తని బురద అయి ఉండాలి, బురద పొరలు పొరలుగా పేరుకుని ఉండాలి, కింది పొర ముందుది, పై పొర తరవాతది. భూమి కథను చదవడానికి నేటికీ వాడే తొలి అక్షరం అదే. ఆ స్టెనో తరవాత కాథలిక్ మతంలోకి వెళ్ళి 1677లో బిషప్ అయ్యాడు.

"అంటే ఆయన పన్ను గురించి ఆలోచించలేదు," అంది చిన్ని కాసేపాగి. "పన్ను ఉన్న చోటు గురించి ఆలోచించిండు."

నేను చెప్పాలనుకున్నది అంత సూటిగా కాదు. అయినా అదే.

మూడో రోజు ఏడుపాయల. మెదక్ నుంచి ఆటోలో వెళ్ళాం. మంజీర అక్కడ బండల మధ్య ఏడు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. నడుమ గుహలాంటి చోట వనదుర్గ భవాని. శివరాత్రికి జాతర, లక్షల్లో జనం. ఇప్పుడు మాత్రం గుళ్ళో గంటలు, కోళ్ళ కూతలు, మేక తాళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డ నాలుగైదు కుటుంబాలు. డబ్బాకు ఏడు గదులు, నదికి ఏడు పాయలని చిన్ని లెక్కపెట్టుకుంది. దర్శనం అయ్యాక ప్యాంటు మడిచి పక్క పాయలో దిగింది.

పావుగంటకు కేక వేసింది. "మామయ్యా! దొరికింది!"

నల్లటి ముక్కోణపు రాయి. నున్నగా, కొస వంపుగా ఉంది. ఒక్క క్షణం నా గుండె కూడా ఆగింది. తరవాత తిప్పి చూశాను. కిరీటానికీ వేరుకూ మధ్య ఉండాల్సిన గీత లేదు. మెరుపు అన్ని వైపులా ఒకేలా ఉంది. పంటి కిరీటం మీద ఉండే గాజు మెరుపు వేరు, నది నున్నగా అరగదీసిన రాతి మెరుపు వేరు. గోటికి అంచున గరగర లేదు. విరిగిన మూల దగ్గర సన్నటి నల్లటి పలుకులున్నాయి. బసాల్ట్.

చిన్ని ముఖం వాడిపోయింది. కానీ ఆ రాయిని పారేయనివ్వలేదు నేను. "ఇది మెదక్‌ది కాదు," అన్నాను. "చుట్టూ ఉన్న బండలు చూడు. వీటిలో ఈ రాయి లేదు. ఇది ప్రయాణం చేసి వచ్చింది."

మంజీర పుట్టేది మహారాష్ట్రలో, బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో. అక్కడి నుంచి దక్కన్ లావా నేలల మీదుగా పారి మన జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు వస్తుంది. ఉమ్మడి మెదక్ జిల్లాకు ఆ పడమటి కొస నల్లరేగడి, కింద నల్ల బసాల్ట్. తూర్పు ఎర్ర చల్క, కింద గ్రానైటు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా ఒక్కసారి పొంగి ఊరుకోలేదు, పొంగింది, ఆగింది, మళ్ళీ పొంగింది. ఆగిన విరామాల్లో చెరువులు ఏర్పడ్డాయి, వాటిలో చేపలు, కప్పలు, నత్తలు బతికాయి. మళ్ళీ లావా వచ్చి ఆ చెరువు బురదను కప్పేసింది. రెండు జొన్నరొట్టెల నడుమ పూసిన పచ్చడిలా ఆ సన్నటి పొర లోపల ఉండిపోయింది. తెలంగాణలో ఈ లావా నేలల మీద శిలాజాల వేట ఆ పచ్చడి కోసమే.

వికారాబాద్ జిల్లా నాస్కల్‌లో అలాంటి పొర ఉంది. అక్కడి మట్టి నుంచి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని చుంచెలుకంత జీవి పళ్ళు తీశారు. 1988లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ జీవి పేరు డెక్కనోలెస్టెస్ హిస్లోపి, భారతదేశంలో గుర్తించిన తొలి క్రెటేషియస్ కాలపు క్షీరదం. డైనోసార్లు ఇంకా తిరుగుతున్న రోజుల్లో మన పడమటి నేల మీద పరుగెత్తిన పాలిచ్చే జంతువు మనకు తెలిసింది మిల్లీమీటర్ల లెక్కలో ఉన్న దంతాల వల్లే.

"సొర పన్ను?" అని గుర్తు చేసింది చిన్ని.

దానికి ఉత్తరంగా పోవాలి, పాత ఆదిలాబాద్ జిల్లాకు. ఆసిఫాబాద్ దగ్గర లావా పొరల నడుమ టేకు చేప పళ్ళు దొరికాయి. టేకు సొరకు దాయాది. రెండూ మెత్తని ఎముకవే. ప్రసాద్, ఫ్రెంచి శాస్త్రవేత్త కపెట్టా 1993లో దానికి ఇగ్డాబాటిస్ ఇండికస్ అని పేరు పెట్టారు. ఆ ప్రజాతి ముందు దొరికింది ఆఫ్రికాలో, నైజర్ దేశపు ఇగ్డామన్ కొండ దగ్గర. అంతకన్నా పాతవి గోదావరి లోయలో 'కోట' అనే పేరున్న శిలలు, మా మెదక్ కోట కాదు. ఆ జురాసిక్ కాలపు నదులూ చెరువుల మట్టిలో బుల్లి సొర పళ్ళున్నాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉన్న కోటసారస్ అనే డైనోసార్‌ను లోకానికి పరిచయం చేసిన పి. యాదగిరే, 1986లో లోంకిడియాన్ ఇండికస్ అనే ఆ సొరను కూడా పరిచయం చేశారు. ఇంకా పాతవి అదే లోయలోని మాలేరి శిలలు. అక్కడి ఊపిరిచేపల పళ్ళ గురించి థామస్ ఓల్డ్‌హామ్ 1859లోనే రాశాడు. ఆ ఎర్రమట్టిలోనే సోహన్ లాల్ జైన్ 1980లో మరో మంచినీటి సొరను గుర్తించారు. దాని పన్ను మేకపోతు కొమ్ముల్లా రెండు మొనలుగా చీలి ఉంటుంది.

"మంచినీళ్ళల్ల సొరలా?"

"మన గోదావరి లోయలోనే."

చిన్ని నీళ్ళలో నిలబడి పాయ ఎగువకు చూసింది, ఎక్కడో ఒక రెక్క లేస్తుందేమో అన్నట్టు.

ఆ రాత్రి అన్నాలయ్యాక అమ్మ మళ్ళీ చాట ముందేసుకుంది. మర్నాటి బియ్యం. చిన్ని పక్కన కూలబడి చూస్తోంది. అమ్మ వేళ్ళు ఒక రాగం పట్టినట్టు కదులుతాయి. బియ్యం పరుచు, తెల్లటి దానిలో తెల్లటి రాయిని చూడు, గోటితో లాగు, విసిరెయ్యి. శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే అని చెప్పాను. పొలం గట్టు నుంచి బస్తాల కొద్దీ మట్టి తెస్తారు. ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి, సన్న జల్లెళ్ళలో కడుగుతారు. జల్లెడ పైన మిగిలిన నూకలాంటి దాన్ని సూక్ష్మదర్శిని కింద పరిచి, తడి కుంచె కొసతో ఒక్కొక్క పలుకూ ఏరతారు. తేడా ఒక్కటే. అమ్మ మెతుకు కోసం రాళ్ళు పారేస్తుంది, వాళ్ళు మెతుకంత పన్ను కోసం రాళ్ళు పారేస్తారు.

"మరి దొరికినంక ఏం జేస్తరు?" అంది అమ్మ. బస్సు పెద్దాయన మళ్ళీ వచ్చి వరండాలో కూర్చున్నట్టయింది.

నేను లేచి నా పాత పెట్టె తీశాను. అడుగున పాత దినపత్రికలో చుట్టి ఒక రాయి ఉంది. చెకుముకిలాంటి గోధుమరంగు రాయి, దానిలో వేలి గోరంత నత్తగుల్ల, మెలికతో సహా. కాలేజీ రోజుల్లో స్నేహితులతో పడమటి వైపు సైకిళ్ళ మీద తిరిగినప్పుడు ఏరుకున్నది. ఎన్నో ఏళ్ళ తరవాత ఒక భూగర్భశాస్త్రం మాస్టారికి గర్వంగా చూపించాను. ఆయన భూతద్దంలో చూసి ముఖం విప్పారి, "ఎక్కడిది?" అన్నారు. జహీరాబాద్ దగ్గరేమో అన్నాను. లేకపోతే వికారాబాద్ దారిలో. గట్టు మీదో, బావి తవ్విన మట్టిలోనో. ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "అందంగా ఉంది," అని రాయిని తిరిగి నా చేతిలో పెట్టారు. ఆ అందంగా ఉంది అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎక్కడో ఒక పాత చెరువు, ఏ రెండు లావాల నడుమ ఉందో చెప్పగలిగిన సాక్షి నోరును నేనే మూసేశాను.

మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలుస్తుంది, నిజమే. కానీ అది ఏ కుండలోదో తెలిసినంతవరకే. కింద పడ్డ మెతుకు ఏ పొయ్యి మీద ఏ అన్నం ఉడికిందో చెప్పదు. అది చీమలకు పనికొస్తుంది. కాళ్ళ కింద బండకు షాబాద్ అన్న పేరుంది, సాలగ్రామానికి గండకి ఉంది. ఆ రెండు రాళ్ళూ తమ ఊరి పేరుతోనే మా ఇంట్లోకి వచ్చాయి. నా నత్తగుల్ల ఒక్కటే ఊరూ పేరూ లేనిది. అమ్మ మొదటిరోజే చెప్పింది, గండకిలో పుట్టకపోతే ఉత్త రాయి అని. నాకు ఇప్పుడు వినబడింది.

చిన్ని ఏమీ అనలేదు. డబ్బా తెచ్చి ఏడు మూతలూ తెరిచి, పళ్ళన్నీ చాట మూలన పోసింది. ఎనభై మూడు. వాటిలో కొన్ని వెనిస్‌వి, కొన్ని పీస్ రివర్‌వి, కొన్ని పుట్టినరోజులకు స్నేహితులిచ్చినవి, ఒక గుప్పెడు దుకాణంలో కొన్నవి. అన్నీ కలిసిపోయాయి. చాలాసేపు అటూ ఇటూ కదిపి చూసింది. ఆఖరికి ఒక్కటి పక్కకు తీసింది, బస్సులో నాకు చూపించినది, కోడి తురాయిలాంటిది.

"ఇదొక్కటి గుర్తున్నది. అర్కేడియా ఊరు దాటినంక, పెద్ద చెట్టు పడిపోయి ఉన్న చోట. నాన్న జల్లెడ పట్టుకున్నడు. నేను అప్పుడే జారిపడ్డ."

అమ్మ పాత క్యాలెండర్ కాగితం చించి ఇచ్చింది. చిన్ని వంకర తెలుగు అక్షరాలతో రాసింది, నది పేరు, ఊరి పేరు, నెల, మోకాల్లోతు నీళ్ళు, కింద గులకరాళ్ళు. నాన్న జల్లెడ పట్టుకున్నాడని కూడా రాసింది. చీటీని మడిచి పంటితో పాటు ఆదివారం గదిలో పెట్టి మూత బిగించింది. మిగతా ఎనభై రెండింటినీ ఒక పొట్లం కట్టి, పైన 'పండ్లు' అని మాత్రం రాసింది.

తరవాత జేబులోంచి ఆ నల్ల ముక్కోణపు రాయి తీసింది. దానికి కూడా ఒక చీటీ కావాలంది. రాసి నాకు చూపించింది.

"మంజీర. ఏడుపాయల, గుడి పక్క పాయ. డిసెంబర్ 27. పన్ను కాదు."

సోమవారం గదిలో అది సరిగ్గా పట్టింది.